వ్రాసినది వాకిలి దాటునా?

మన పత్రికలలో టాబ్లెట్టులను గూర్చి వెలువడు సమీక్షలను చదువునప్పుడెల్ల, ఆ పరికరమును సోఫామీద చేరగిలబడి సినిమా చూచుటకే గాని మరియొక పనికి ఈ సమీక్షకులు వినియోగించి యెరుగరా యను సందేహము నాకు కలుగుచుండును. తెర యెన్ని అంగుళములు, ప్రాసెసరు వేగమెంత, బ్యాటరీ యెన్ని గంటలు నిలుచును అను లెక్కలన్నియు అందుండును. అవి అక్కరలేనివని నేననను. కాని ప్రయాణము చేయుచు, చూచినదానిని చూచిన చోటనే వ్రాసి, తీసిన ఛాయాచిత్రమును దానికి జతపరచి, చీకటి పడకమునుపే పాఠకున కందింపవలెనని తలచువానికి (అతడు జిల్లా విలేకరి కావచ్చును, క్షేత్రయాత్రలను బ్లాగున వర్ణించు విశ్రాంతోపాధ్యాయుడు కావచ్చును, గట్టున నిలిచి తెగులు సోకిన మిరప ఆకును వ్యవసాయాధికారికి చూపదలచిన రైతు కావచ్చును) ఆ లెక్కలలో ఏదియు మొదటి ప్రశ్నకు సమాధానము కానేరదు. నేను చేసినది ఈ యంత్రములోనుండి వెలుపలికి ఎట్లు పోవును అనునదియే ఆ మొదటి ప్రశ్న. దానికి జవాబు చెప్పవలసినది గాజుపలక కాదు, దాని లోపలనున్న ఆపరేటింగు సిస్టము. ఇల్లు కొనబోవువాడు గదుల వైశాల్యమును కొలిచి, వాకిలి యెవరి యాజ్ఞతో తెరుచుకొనునో విచారింపక వచ్చినట్లున్నది మన కొనుగోళ్ళ తీరు.

వాకిలికి కావలి యుండుట యన నేమో తెలియగోరువారు ఐప్యాడు చరిత్రను చూడవలెను. 2010 జనవరి 27న ఆపిల్ అధినేత స్టీవ్ జాబ్స్ దానిని లోకమునకు చూపినప్పుడు, చదువుటకును చూచుటకును అంతకంటె అందమైన పలక మరియొకటి లేదనుట నిర్వివాదము; కాని ఆ తొలి ఐప్యాడునకు కెమెరాయే లేదు, బయటి కెమెరానుండి బొమ్మలు ఎక్కించుకొనుటకు వేరుగా ఒక ఉపకరణము కొనవలసివచ్చెను, అట్లెక్కించిన బొమ్మను బ్లాగులో పెట్టుట యింకొక యాతన. బ్లాగు వ్రాయు పుటను సఫారీ బ్రౌజరులో తెరచి, ఫైలును ఎన్నుకొనుటకు గల మీటను నొక్కబోయినచో, ఆ మీట బూడిదరంగున నిశ్చేష్టమై పడియుండెడిది. ఇతర కంప్యూటరులన్నిటియందును దశాబ్దకాలమునకు పైగా సామాన్యమైయున్న ఆ చిన్న సదుపాయము, 2012 సెప్టెంబరులో దాని ఆపరేటింగు సిస్టమైన ఐఓఎస్ యొక్క 6వ సంచిక వచ్చువరకు ఐప్యాడు బ్రౌజరునకు అబ్బలేదు. అటులనే ఒక యాపులోని పత్రమును మరియొక యాపునకు అందించిన, అందునది ఆ పత్రము కాదు, దాని నకలు. వ్యాసమును ఒకచోట దిద్ది మరియొకచోట తెరచినవానికి దిద్దుబాట్లు లేని పాతప్రతి కనబడి, తాను దిద్దినది కలలోనా యని విస్తుపోవలసివచ్చెడిది.

ఇది అసమర్థత కాదు, సిద్ధాంతము. ఒక యాపు మరియొక యాపు సొత్తును తాకరాదు, తాకినచో భద్రతకు భంగము వాటిల్లును అనునది ఆపిల్ సంస్థ పట్టిన వ్రతము. ఆ వ్రతమునకు సడలింపులు వచ్చిన క్రమమే ఆ సంస్థ మనస్సును పట్టియిచ్చును: 2011లో ట్విట్టరునకు, 2012లో ఫేస్‌బుక్కు మొదలగు కొన్నింటికి మాత్రము సిస్టములోనే ప్రవేశమును దయచేసి, మిగిలిన లోకమంతయు వెలుపల నిలువవలెనని శాసించి, 2014లో ఐఓఎస్ 8తో గాని ఏ యాపైనను, పంచుకొనునప్పుడు తెరుచుకొను షేరు పట్టికలో నిలువవచ్చునని అంగీకరింపలేదు. అనగా మొదటి నాలుగేండ్లును, మనము ఎవరితో పంచుకొనవలెనో నిర్ణయించినవారు మనము కాము. 2017లో ఫైల్స్ అను యాపును, 2019లో ఐప్యాడ్‌ఓఎస్ అను ప్రత్యేక నామధేయమును, దానితోపాటు పెన్‌డ్రైవును నేరుగా తగిలించి చదువుకొను సౌకర్యమును వచ్చినవి. ఇయ్యన్నియు మంచి మార్పులే. అయినను ఇన్నేండ్ల యాలస్యముతో వచ్చిన వానిని వరములుగా స్తుతించు ఉత్సాహము నాకు లేదు.

ఆండ్రాయిడు పుట్టుకయే వేరు. 2008లో తొలి ఫోనుతోపాటు వచ్చినప్పటినుండియు దాని యందొక ఏర్పాటు కలదు: నేను బొమ్మను స్వీకరింపగలనని, నేను వ్రాతను స్వీకరింపగలనని ప్రతి యాపును తన శక్తిని సిస్టమునకు ముందుగనే చాటుకొనును, పంపదలచినవాడు షేరు మీటను నొక్కగనే, అట్లు చాటుకొన్న వానినెల్ల సిస్టము పట్టికగా ఎదుట నిలుపును. ఏ సంస్థతోడను ఒప్పందము అక్కరలేదు, ఎవరి యనుగ్రహమును అక్కరలేదు. నిన్న పుట్టిన యాపైనను, ఒక కుఱ్ఱవాడు తన ఊరి గ్రంథాలయము కొఱకు వ్రాసికొన్న యాపైనను, మహాసంస్థల సరసన ఆ పట్టికలో చోటు సంపాదించుకొనును. సాఫ్టువేరులో ప్రజాస్వామ్యము అను మాటను నేను సులభముగా వాడను. ఈ ఒక్క ఏర్పాటు విషయములో వాడుటకు సంకోచింపను.

అయితే ఆ పట్టికను చూచినవారెవ్వరును దానిని అందమైనదని యనజాలరు. నిన్న మూడవ వరుసలో నున్న యాపు నేడు ఏడవదానికి జారును. ఒక్కొక్క తయారీదారు తన అభిరుచి ననుసరించి దానిని తిరుగవ్రాయును. వేలు మోపబోవు క్షణమున చిహ్నములు కదలి, అత్తగారికి పంపవలసిన బొమ్మ ఆఫీసు బృందమునకు పోవును. పైగా 2011 ఫిబ్రవరిలో టాబ్లెట్టులకని ప్రత్యేకముగా హనీకోంబ్ అను సంచికను తెచ్చిన గూగుల్, పిమ్మట చాలకాలము పెద్ద తెరలను మరచినట్లే వర్తించి, 2022లో ఆండ్రాయిడ్ 12ఎల్ అనుదానితో గాని వానిని మరల శ్రద్ధగా పట్టించుకొనలేదు. నడుమ పదేండ్లు ఆండ్రాయిడు టాబ్లెట్టు సాగదీసిన ఫోనుగనే బ్రతికినది. మరియొక దోషమును దాచరాదు. కావలి లేని వాకిట అతిథులే కాక దొంగలును ప్రవేశింతురు. పెండ్లిపత్రిక యనియు ట్రాఫిక్ చలానా యనియు పేరు పెట్టుకొని వాట్సాపులో వచ్చు ఏపీకే ఫైళ్ళను (ఆండ్రాయిడు యాపులను పరికరములో నెక్కించు ఫైళ్ళను) నొక్కి, బ్యాంకు ఖాతాలను ఊడ్పించుకొన్నవారిని గూర్చి ఉభయ తెలుగు రాష్ట్రముల పోలీసులును హెచ్చరికలు చేయుచునే యున్నారు. ఐప్యాడు గలవానికి ఆ ఏపీకే ఫైలు నిర్జీవపదార్థము. అతడు దానిని నొక్కిన నొక్కకున్న ఒక్కటే.

గతించినవానిని గూర్చి నాలుగు మాటలు చాలును. 2011 ఏప్రిలులో వచ్చిన బ్లాక్‌బెర్రీ ప్లేబుక్కున, ఈమెయిలుకు పేరుగాంచిన ఆ సంస్థ ఈమెయిలునే పెట్టుట మరచినది. అది చేరుసరికి మరుసటి యేడు ఫిబ్రవరి వచ్చినది. హెచ్‌పీ టచ్‌ప్యాడులోని వెబ్‌ఓఎస్, తెరచిన పనులను చీట్లవలె ప్రక్కప్రక్కన పరచి చూపుటలో తరువాత వచ్చిన అందరికిని గురువు. అంగడికి వచ్చిన 49 దినములకే దానిని విరమించి, మిగిలిన సరుకును 99 డాలర్లకు తెగనమ్మినారు. 2012 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ తెచ్చిన విండోస్ 8న, తెర కుడియంచునుండి వేలు జరిపిన షేరు అను మీట ఏ యాపునందైనను ఒకే చోట ప్రత్యక్షమగుచుండెడిది. పంచుకొనుట యాపు బాధ్యత గాదు, సిస్టము బాధ్యత అను సూత్రమును అంత స్వచ్ఛముగా పాటించినవారు వేరొకరు లేరని నేటికిని నా యభిప్రాయము. కాని అందరును నిజముగా పని చేసికొను పాత డెస్కుటాపునకు మరలి అదే మీటను నొక్కినచో, ఇక్కడనుండి పంచుకొనదగినదేదియు లేదను సమాధానము వచ్చెడిది! తన టాబ్లెట్టైన సర్ఫేస్ ఆర్‌టీ మిగిలిపోయిన నిల్వలకై ఆ సంస్థ 2013లో 90 కోట్ల డాలర్ల నష్టమును వ్రాసికొనవలసివచ్చినది. 2015లో విండోస్ 10 వచ్చి ఆ అంచుమీటలనే తొలగించినది.

ఇక నేడు ప్రధానముగా మిగిలిన ఆ రెండింటిని, ఐప్యాడును ఆండ్రాయిడును, పనిలో పెట్టి చూతము. మేడారము జాతరకు పోయిన ఒక విలేకరిని ఊహింపుడు. జంపన్నవాగులో స్నానములు చేసి, నిలువెత్తు బంగారమని పిలిచెడి బెల్లపు దిమ్మలను తలలమీద పెట్టుకొని, సమ్మక్క సారలమ్మల గద్దెలవైపు సాగు జనప్రవాహమున, అతడు కెమెరాతో బొమ్మలు తీసినాడు. తాత్కాలికముగా నిలిపిన టవర్లెన్నియున్నను అంత జనములో నెట్‌వర్కు వచ్చుచు పోవుచు నుండును. అతని చేతిలో ఆండ్రాయిడు టాబ్లెట్టున్నచో, కెమెరా కార్డును రీడరులో పెట్టి తగిలించిన వెంటనే అందలి ఫోల్డరులు యథాతథముగా కనబడును. నలుబది బొమ్మలలో నాలుగింటిని ఏరి, వానినే నేరుగా బ్లాగు యాపునకు పంపవచ్చును. ఐప్యాడైనచో ఆ పని నేడు అంతే సులభము, బొమ్మను దిద్దుట మాత్రము అంతకంటె సులభము: నీడలో నల్లబడిన ముఖమును తేటపరచుట, వంకరగా వచ్చిన గద్దెను నిలువుగా సరిచేయుట మొదలగు పనులకు ఐప్యాడుపై నున్నంత నాణ్యమైన యాపులు ఆండ్రాయిడు టాబ్లెట్టుపై నేటికిని అరుదు.

భేదము బయటపడునది ఎక్కించునప్పుడు. రెండు నిమిషముల వీడియో ఆ బలహీనమైన నెట్‌వర్కుపై ఎక్కుచుండగా, విలేకరి ఊరకుండడు, వార్తలోని మిగిలిన పంక్తులను వ్రాయుటకు మరియొక యాపులోనికి పోవును. ఐప్యాడులో, యాపు నిర్మాత ముందుగా ప్రత్యేకమైన ఏర్పాటు చేసియుండనిచో, తెరమీదనుండి తొలగిన యాపును సిస్టము కొలదిసేపటికే నిద్రపుచ్చును. మరలివచ్చి చూచినవానికి వీడియో సగములో ఆగియుండును. ఆండ్రాయిడున ఎక్కింపు వెనుకనే సాగుటకు అవకాశము హెచ్చు. అచ్చటను కొందరు తయారీదారులు బ్యాటరీ పొదుపు అను నెపముతో వెనుకనున్న యాపులను నిర్దాక్షిణ్యముగా చంపివేయుదురు గనుక, సెట్టింగులలోనికి పోయి ఆ ఒక్క యాపునకు మినహాయింపు నిచ్చుట ప్రయాణమునకు ముందే నేర్చికొనదగిన విద్య.

తెలుగున వ్రాయువానికి, వాకిలి దాటునది అక్షరముగనే దాటునా యను భయము మరియొకటి యుండెడిది. తొలినాటి ఆండ్రాయిడు పరికరములలో తెలుగు అక్షరములకు బదులు ఖాళీ గళ్ళు కనబడెడివి. ఆ కాలపు మన బ్లాగు పాఠకులు ఓపెరా మినీ బ్రౌజరును దింపుకొని, దాని గుప్తమైన సెట్టింగుల పుటను తెరచి, క్లిష్టలిపులకు బిట్‌మ్యాప్ ఫాంటులను వాడుమను వాక్యమునకెదుట ఎస్ అని మార్చినచో, ఎక్కడో దూరదేశపు సర్వరులో మన అక్షరములు బొమ్మలుగా చిత్రింపబడి వచ్చెడివి. తెలుగు చదువుటకు మనవారు పడిన పాట్లలో ఇదియొకటి. 2001లో విండోస్ ఎక్స్‌పీ తనతోపాటు గౌతమి ఫాంటును తెచ్చిన దశాబ్దము తరువాత కూడ ఈ యవస్థ యుండెనని జ్ఞాపకముంచుకొనవలెను. ఆపిల్ వారి లెక్క తక్కువేమియు కాదు. 2018 ఫిబ్రవరిలో, జకారమునకు ఞకారము వత్తుగా చేరి, నడుమ కంటికి కనబడని ఒక గుర్తుతో కూడిన తెలుగు సంయుక్తాక్షరము సందేశముగా వచ్చినచో, ఐఓఎస్ 11 దానిని చిత్రింపజాలక ఆ సందేశముల యాపే కుప్పకూలెడిది; తిరిగి తెరచిన మరల కూలెడిది. ప్రపంచమందలి పత్రికలన్నియు తెలుగు అను పేరును ఆ వారమున వ్రాసినవి, ఇట్టి కారణమునకు! ఫిబ్రవరి 19న 11.2.6 సంచికతో దానిని సరిచేసినారు. అంత మాత్రాన ఆ సంస్థకు తెలుగుపట్ల ద్వేషమని యనలేము. పరీక్షించునప్పుడు మన లిపిని తుదివరకు పరీక్షించినవారు అచ్చట లేకపోయిరని మాత్రము అనవచ్చును.

నేడు రెండింటియందును తెలుగు చక్కగనే కనబడుచున్నది. టైపు చేయుటలో మాత్రము ఆండ్రాయిడుదే పైచేయి. 2017 ఆగస్టులో గూగుల్ తెలుగుతో సహా ఎనిమిది భారతీయభాషలకు స్వరముతో వ్రాయు సదుపాయమును కలిగించిన పిమ్మట, టైపు నేర్వని పెద్దలు సైతము పలికి వ్రాయుచున్నారు. అచ్చుతప్పులు దొర్లుచునే యున్నవి, సంధులు విడిపోవుచునే యున్నవి, అయినను వ్రాయని వానికంటె తప్పుగా వ్రాసి దిద్దుకొనువాడు మేలు. వ్యాకరణప్రియులైన మిత్రులు క్షమింతురు గాక.

పంచుకొనుట యన మనదేశమున బ్లాగు కాదు, వాట్సాపు అని ఎవరైన ఆక్షేపింపవచ్చును. నిజమే, మన ఊళ్ళలో వార్తయు, శుభాకాంక్షయు, పుకారును వెడలు మార్గము నేడదియే. అట్టి వాట్సాపునకు ఐప్యాడుకొఱకు సొంత యాపు 2025 మే నెల వరకు లేదు. ఇన్‌స్టాగ్రామునకు అదే యేడు సెప్టెంబరు వరకు లేదు. అంతవరకు లక్ష రూపాయల ఐప్యాడు గలవాడును బ్రౌజరులో వాట్సాపు పుటను తెరచి కాలక్షేపము చేసినాడు. ఇది ఆపిల్ తప్పు కాదు గదా యని యడుగువారికి నేను చెప్పునదేమనగా, కొనువానికి తప్పెవరిదో తేల్చుటతో పని లేదు. పని జరిగినదా లేదా యనునదియే పని.

నెట్‌వర్కు లేనిచోట పంచుకొనుట యందు మన అనుభవము ఇంకను విచిత్రమైనది. షేర్ఇట్, జెండర్ అను చీనా యాపులు ఒకప్పుడు మన పట్టణముల సెల్‌ఫోను దుకాణములలో రాజ్యమేలినవి; కొత్త సినిమాపాటలనుండి పోటీపరీక్షల మెటీరియలు వరకు హాస్టలు గదులలో ఒక ఫోనునుండి మరియొక ఫోనునకు వానిద్వారానే ప్రవహించినవి. సిస్టములు తాము చేయవలసిన పనిని చేయనందుననే ఆ యాపులు బలిసినవి. 2020 జూన్ 29న కేంద్రప్రభుత్వము 59 చీనా యాపులను నిషేధించినప్పుడు అవి రెండును పోయినవి. అదే యేడు ఆగస్టులో గూగుల్ నియర్‌బై షేర్ అను దానిని సిస్టములోనే చేర్చినది, 2024లో శాంసంగ్ వారి దానితో కలిపి దానికి క్విక్ షేర్ అను పేరు పెట్టినది. ఆపిల్ పరికరముల నడుమ 2013నుండియు ఐఓఎస్‌లో ఎయిర్‌డ్రాప్ కలదు, బహుచక్కని సదుపాయము. కాని అవతలివాని చేతిలోనున్నది ఆపిల్ కాకపోయినచో అది మూగదయ్యెడిది. మన దేశమున అవతలివాని చేతిలోనున్నది సాధారణముగా ఆపిల్ కాదు. 2025 నవంబరులో గూగుల్ తన పిక్సెల్ 10 ఫోనులనుండి ఎయిర్‌డ్రాపునకు పంపు వీలును కల్పించి ఈ గోడకు తొలి గండి కొట్టినది.

ప్రభుత్వములును టాబ్లెట్టుల నిచ్చినవి. 2011 అక్టోబరు 5న నాటి కేంద్రమంత్రి కపిల్ సిబల్ ఢిల్లీలో ఆవిష్కరించిన ఆకాశ్ టాబ్లెట్టును హైదరాబాదులోనే కూర్చినారు, ఆండ్రాయిడ్ 2.2, 256 ఎంబీ జ్ఞాపకశక్తి, గట్టిగా అదిమిన గాని పలుకని తెర. దానిని హేళన చేయుట నాడు సులభమైనది, నేడు మరింత సులభము. కాని విద్యార్థి చేతికి అగ్గువ ధరకు ఇట్టి పరికరము నీయవచ్చునను ఆలోచనను దేశమున నాటినది అదియే. 2022 డిసెంబరు 21నుండి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎనిమిదవ తరగతి విద్యార్థులకును ఉపాధ్యాయులకును పంచిన ఐదు లక్షలకు పైగా శాంసంగ్ టాబ్లెట్టులు దానికంటె ఎంతో మేలైనవి. అందు బైజూస్ వారి పాఠములను నింపి, పిల్లలు అన్యప్రదేశములకు పోకుండ సాఫ్టువేరు తాళములు వేసినారు. పదమూడేండ్ల పిల్లవానికి విశృంఖలమైన ఇంటర్నెట్టు నీయరాదనుటలో నాకు భిన్నాభిప్రాయము లేదు. కాని పంచుకొనుటకే పుట్టిన సిస్టమును తెచ్చి, పాఠము వినుటకు తప్ప పలుకుటకు వీలులేని పలకగా దానిని మార్చుట నాకు సమ్మతము కాదు. ఆ పిల్లవాడు తన పెరటి మొక్క వేరును బొమ్మతీసి, దానిక్రింద నాలుగు తెలుగు వాక్యములు వ్రాసి, ఇంటర్నెట్టుతో పనిలేకుండ తరగతిలోనే ఉపాధ్యాయుని టాబ్లెట్టునకు పంపగలిగినచో ఏ ప్రమాదము వాటిల్లును? ఆ మార్గము ఆండ్రాయిడులో సిద్ధముగనే యున్నది. పాఠములను సమకూర్చిన సంస్థ 2024 జూలైలో దివాలా విచారణకు లోనైనది. పరికరములు మాత్రము పిల్లల యొద్దనే యున్నవి. ఇకముందు టెండరు వ్రాయు అధికారులు తెర కొలతల సరసన ఈ యొక్క షరతును చేర్పవలెనని నా మనవి.

మీరేది కొందురని నన్నడిగినచో, దాపరికమేల, ప్రయాణములో వ్రాయు తెలుగువానికి మధ్యరకపు ధరలో మెమరీకార్డు చోటుగల ఆండ్రాయిడు టాబ్లెట్టును, అందును ఎన్నేండ్లు అప్‌డేట్లిత్తుమో ముందుగనే ప్రకటించిన తయారీదారుదానిని సూచింతును. వీడియోలు కూర్చుట జీవనోపాధియైనవారు ఐప్యాడునే కొనుడు. 2014లో వచ్చిన ఐప్యాడ్ ఎయిర్ 2 అనునది 2021నాటి ఐప్యాడ్‌ఓఎస్ 15ను సైతము స్వీకరించినది, అంత దీర్ఘాయువు ఆండ్రాయిడు పక్షమున అరుదు. పిల్లల చేతికిని, ఏ ఫైలు కనబడిన దానిని నొక్కు వృద్ధుల చేతికిని కూడ ఆ కావలి గల ఇల్లే క్షేమము. విండోస్ టాబ్లెట్టు మంచి కంప్యూటరు. 2019నుండి అందు తెలుగు ఫొనెటిక్ కీబోర్డును కలదు. కాని దానిని నిలిచి ఒంటిచేత వాడజాలము, బల్ల కావలెను.

దేనినైనను డబ్బు చెల్లింపకముందు దుకాణములోనే ఒక పరీక్ష చేయుడు. ఒక బొమ్మ తీయుడు. దానిక్రింద జ్ఞానేశ్వరి అనియో యజ్ఞేశ్వరరావు అనియో ఒక పేరు టైపు చేయుడు. పొదుపు కొఱకు వైఫైని ఆపివేసియుంచిన దుకాణమే యైన మరియు మంచిది, ఆ రెండింటిని కలిపి ప్రక్కనున్న వేరొక కంపెనీ ఫోనునకు పంపుడు. ఎన్ని మీటలు నొక్కవలసివచ్చెనో, అక్షరము అక్షరముగనే చేరెనో లేదో చూచికొనుడు. అమ్మువాడు విసుగుకొనును, ఈఎమ్ఐ కాగితములను ముందుకు జరుపుచు, ప్రాసెసరును గూర్చి చెప్ప మొదలిడును. విననక్కరలేదు.